శాసనాలు చదవాలంటే ఏ చదువు చదవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిన తరువాత, చరిత్రను, పురావస్తు శాస్త్రాన్ని విశ్వవిద్యాలయంలో చదవాలనుకుంటున్నామని రాసే యువతీ యువకుల ఉత్తరాలు ఈ శీర్షికకు క్రమంగా పెరిగాయి. ఇంటర్, డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో తల్లిదండ్రుల ఉత్తరాలు కూడా వాటితో కలుస్తాయి. ఈ సంచికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఇంటర్మీడియట్ హెచ్‌ఈసీ గ్రూపుతో పూర్తి చేశాను. పురావస్తు శాస్త్రం చదవాలని ఉంది. కానీ డిగ్రీలో ఆ పేరుతో కోర్సు ఎక్కడా కనిపించడం లేదు. ఇప్పుడు నేను ఏ కోర్సులో చేరాలి? చరిత్ర వేరు, పురావస్తు శాస్త్రం వేరు అంటున్నారు, నిజమేనా?
(ఒక విద్యార్థిని, నర్సంపేట)

జవాబు: మన దగ్గర పురావస్తు శాస్త్రం ప్రధానంగా పీజీ స్థాయిలో మొదలయ్యే చదువు. అందువల్ల డిగ్రీలో ఆ పేరు కనిపించలేదని దిగులు పడనవసరం లేదు. రాష్ట్రంలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్ ప్రవేశ విధానమైన దోస్త్ ద్వారా బీఏలో చేరేటప్పుడు చరిత్ర ఒక ప్రధాన విషయంగా ఉండేలా చూసుకోండి. మిగతా రెండు విషయాల్లో ఒకటి భూగోళ శాస్త్రం అయితే మంచిదని నా అభిప్రాయం. ఒక ఊరు వాగు పక్కనే ఎందుకు వెలిసింది, చెరువు కట్టను ఆ రెండు గుట్టల మధ్యనే ఎందుకు పోశారు అన్న ప్రశ్నలకు జవాబు వెతికే చూపు ఆ శాస్త్రం నుంచి వస్తుంది. రెండవ భాషగా సంస్కృతం తీసుకునే అవకాశం మీ కళాశాలలో ఉంటే వదులుకోకండి. మార్కులు బాగా వస్తాయని సంస్కృతం తీసుకుని, పరీక్ష కాగానే మరచిపోయేవాళ్లే ఎక్కువ. మీకు మాత్రం అది పదేళ్ల తరువాత కూడా పనికివస్తుంది.

చరిత్ర వేరు, పురావస్తు శాస్త్రం వేరు అన్న మాట పద్ధతుల విషయంలో నిజం. చరిత్రకారుడు ప్రధానంగా రాతపూర్వక ఆధారాలతో పని చేస్తాడు. పురావస్తు శాస్త్రవేత్త మనుషులు వదిలిపెట్టిన వస్తువులతో, అవి దొరికిన చోటుతో పని చేస్తాడు. తాడ్వాయి అడవిలో దామరవాయి దగ్గర ఉన్న రాక్షస గుళ్లను, అంటే పెద్ద రాతి పలకల సమాధులను, కట్టిన వాళ్లు ఒక్క అక్షరం కూడా రాసి పెట్టలేదు. పాండవుల గుట్ట రాతి చిత్రాలు గీసినవాళ్ల పేర్లు మనకు ఎప్పటికీ తెలియవు. వాళ్ల గురించి తెలుసుకోవడానికి పురావస్తు శాస్త్రం తప్ప వేరే దారి లేదు. కాకతీయుల కాలానికి వచ్చేసరికి రెండు దారులూ కలుస్తాయి. శాసనమూ ఉంటుంది, అది నిలబడిన గుడీ ఉంటుంది, ఆ గుడి ముందు చెరువూ ఉంటుంది. వరంగల్ ప్రాంతంలో పుట్టిన విద్యార్థికి ఉన్న పెద్ద వసతి ఇదే.

పీజీ విషయానికి వస్తే, కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ చరిత్ర ఉంది. ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రం అన్న పేరుతో ప్రత్యేక విభాగమే ఉంది. ఈ రెండింటికీ రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష అయిన సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ చరిత్రకు జాతీయ స్థాయి సీయూఈటీ పీజీ పరీక్ష ఉంటుంది. పురావస్తు శాస్త్రాన్నే మూలం నుంచి నేర్చుకోవాలనుకుంటే పుణెలోని దక్కన్ కళాశాల మన దేశంలో ఎంతో పేరున్న చోటు. హెచ్.డి. సంకాలియా అనే పండితుడు 1939 నుంచి అక్కడ పురావస్తు విభాగాన్ని పెంచి పెద్దచేశారు. ఎంఏ తరువాత, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ గ్రేటర్ నోయిడాలో నడుపుతున్న సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా చేయవచ్చు. అక్కడ సీట్లు చాలా తక్కువ, కానీ తవ్వకం, సంరక్షణ, మ్యూజియం పని, శాసన పఠనం అన్నీ చేతితో చేయించి నేర్పుతారు. ప్రవేశ అర్హతలు, తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటననే ప్రమాణంగా తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చే ర్యాంకు ఉంది. అయినా బీఏ చరిత్ర చదువుతానని పట్టుబడుతున్నాడు. మాకు మూడెకరాల పొలం తప్ప వేరే ఆధారం లేదు. ఆ చదువుతో బతుకు గడుస్తుందా? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.
(ఒక తండ్రి, జమ్మికుంట)

జవాబు: ఉన్నది ఉన్నట్టే చెబుతాను. పురావస్తు శాస్త్రంలో నేరుగా దొరికే ప్రభుత్వ ఉద్యోగాలు తక్కువ. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థలో అధికారి స్థాయి పోస్టులను యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. రాష్ట్రంలో వారసత్వ తెలంగాణ (హెరిటేజ్ తెలంగాణ) శాఖ ఉంది, మ్యూజియంలు ఉన్నాయి. వీటి ప్రకటనల మధ్య ఏళ్లు గడిచిపోవడం మామూలే. చరిత్రలో ఎంఏ చేసినవారిలో ఎక్కువమంది బతుకుతెరువు బోధనలో దొరుకుతుంది. బీఈడీ చేస్తే డీఎస్సీ ద్వారా సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు కావచ్చు. జూనియర్ కళాశాల, డిగ్రీ కళాశాల లెక్చరర్ పోస్టులు టీజీపీఎస్సీ ద్వారా వస్తాయి. పరిశోధన చేయాలంటే యూజీసీ నెట్ పరీక్ష ముఖ్యం. అందులో చరిత్ర, పురావస్తు శాస్త్రం రెండూ వేరు వేరు విషయాలుగా ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ స్థాయిలో ఉత్తీర్ణుడైతే పీహెచ్‌డీ చేసే కాలంలో నెలనెలా ఫెలోషిప్ వస్తుంది కాబట్టి ఇంటి మీద భారం పడదు. ప్రభుత్వం వెలుపల ఇంటాక్ వంటి వారసత్వ సంస్థలు, కట్టడాల సంరక్షణ పనులు చేసే ఆర్కిటెక్టుల సంస్థలు, పర్యాటక రంగం కొంతమందికి పని కల్పిస్తున్నాయి.

గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు చరిత్ర ఉపయోగపడుతుందని చాలామంది ఈ చదువులో చేరుతున్నారు. అది తప్పని అనను. కానీ ఆ ఒక్క కారణంతో చేరినవాడు మొదటి ఏడాదిలోనే గైడు పుస్తకాలకు అతుక్కుపోతాడు, మూడేళ్లలో ఒక్క మూలాధారాన్ని కూడా చూడకుండానే పట్టా తీసుకుంటాడు. ఆ తరువాత పరీక్ష గట్టెక్కకపోతే చేతిలో ఏ నైపుణ్యమూ మిగలదు. మీ అబ్బాయి పట్టుబడుతున్నాడంటే దేనికోసం పట్టుబడుతున్నాడో కూర్చోబెట్టి అడగండి. అతడు వేయిస్తంభాల గుడికో, ఓరుగల్లు కోటకో తనంతట తాను ఎన్నిసార్లు వెళ్లాడు, అక్కడ ఏం చూశాడు, ఏ పుస్తకం చదివాడు అని అడగండి. జవాబు గట్టిగా వస్తే ఆపకండి. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు కూడా తరువాత ఈ దారి పూర్తిగా మూసుకుపోదు. దక్కన్ కళాశాల వంటి చోట్ల ఏ డిగ్రీ చేసినవారికైనా పురావస్తు శాస్త్రం ఎంఏలో చేరే వీలుంది. కాబట్టి ఇంట్లో గొడవ పడి తేల్చుకోవలసినంత తొందర లేదు.

ప్రశ్న: రామప్ప గుడి 1213లో కట్టారని, వేయిస్తంభాల గుడి 1163 నాటిదని పుస్తకాల్లో చదువుతున్నాము. శాసనంలో ఇంగ్లీషు సంవత్సరం ఉండదు కదా, మరి ఈ లెక్క ఎలా వచ్చింది? ఆ శాసనాలను నాలాంటి డిగ్రీ విద్యార్థి స్వయంగా చదవడం సాధ్యమేనా?
(ఒక విద్యార్థి, ములుగు)

జవాబు: మంచి ప్రశ్న వేశారు. ఈ లెక్క తెలియకుండానే ఎంఏ పూర్తి చేసినవాళ్లు ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పాలంపేటలో రామప్ప గుడి ఆవరణలో ఉన్న నల్లరాతి స్తంభం మీది సంస్కృత శాసనం, కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించిన రోజును శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం అని చెబుతుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. అంటే 1213. చైత్ర మాసం మార్చి, ఏప్రిల్ నెలల్లో పడుతుంది కాబట్టి సంవత్సరం అదే. పంచాంగ గణితంతో చూస్తే ఆ తిథి 1213 మార్చి 31న వస్తుంది, ఆ రోజు ఆదివారమే. ఇప్పుడు హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం చూడండి. అది శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, శనివారం అంటుంది. 1084కు 78 కలిపితే 1162 రావాలి. కానీ పుస్తకాల్లో 1163 అని ఉంటుంది. ఎందుకంటే శక సంవత్సరం ఉగాదితో మొదలై మరుసటి ఉగాదికి ముగుస్తుంది. మాఘం వచ్చేసరికి జనవరి ఒకటి దాటి కొత్త ఇంగ్లీషు సంవత్సరం మొదలైపోయి ఉంటుంది. అందువల్ల ఇక్కడ 79 కలపాలి. ఆ రోజు 1163 జనవరి 19, శనివారం.

ఇందులో ఇంకొక మెలకువ ఉంది. శాసనకర్త సంవత్సరం అంకెతో ఆగలేదు. అరవై ఏళ్ల చక్రంలోని పేరు, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ చెప్పాడు. ఇవన్నీ ఒకే రోజున కలిస్తే ఆ తేదీ నమ్మదగినదని తెలుస్తుంది. ఒకటి కలవకపోతే అంకె చెరిగిపోయిందా, చెక్కినవాడు పొరబడ్డాడా, లేక శాసనమే తరువాతి కాలంలో పుట్టించినదా అని విచారించాలి. చిత్రభాను 2002లో కూడా వచ్చింది. అక్కడి నుంచి అరవైల లెక్కన వెనక్కి వెళితే 1162 ఉగాదికి చేరుకుంటారు. ఒక కాగితం మీద మీరే లెక్క వేసి చూడండి.

ఇక చదవడం సంగతి. డిగ్రీ విద్యార్థికి ఇది సాధ్యమే. ఓపిక మాత్రం కావాలి. కాకతీయుల శాసనాల లిపి తెలుగు, కన్నడం రెండూ విడిపోకముందు ఉన్న రూపానికి దగ్గరగా ఉంటుంది. ఇప్పటి తలకట్టు, గుణింతాల ఆకారాలకు అలవాటు పడిన కన్నుకు మొదట ఏమీ అర్థం కాదు. వర్ణమాల పట్టిక ఒకటి సంపాదించి, ఇప్పటికే అచ్చయిన ఒక శాసనపాఠాన్ని పక్కన పెట్టుకుని, దాని ఛాయాచిత్రంలోని ఒక్కొక్క అక్షరాన్ని పోల్చుకుంటూ పోవడం నేర్చుకునే పద్ధతి. వరంగల్ జిల్లా శాసనాలు, కరీంనగర్ జిల్లా శాసనాలు వేరు వేరు సంపుటాలుగా అచ్చయి ఉన్నాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో అవి దొరుకుతాయి. వాటిని తెరిచే విద్యార్థులు అరుదు. పండితులు శాసనానికి నకలు తీసే పద్ధతి కూడా తెలుసుకోండి. రాయిని నీళ్లతో శుభ్రం చేసి, తడి కాగితాన్ని దాని మీద పరచి, అక్షరాల గాడిలోకి కాగితం దిగేలా కుంచెతో కొట్టి, పైన సిరా అద్దుతారు. ఆరిన తరువాత నల్లని కాగితం మీద తెల్లని అక్షరాలు మిగులుతాయి. శిక్షణ లేకుండా దీన్ని ప్రయత్నించకండి. అక్షరాలు కనబడడానికని సుద్ద రుద్దడం, రంగు పూయడం అసలే వద్దు. మన ఊళ్లలో సున్నం కింద, ఆయిల్ పెయింట్ కింద మూసుకుపోయిన శాసనాలను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. సాయంకాలపు ఏటవాలు వెలుతురులో తీసిన మంచి ఫోటో చాలు.

చదవడం వచ్చిన తరువాత అసలు పని మొదలవుతుంది. శాసనం చెప్పినదంతా నిజమని తీసుకోకూడదు. రాజును పొగిడే ప్రశస్తి భాగం ఒక రకం, భూమి కొలతలు, పన్నులు, సరిహద్దులు చెప్పే భాగం మరొక రకం. మొదటిదానిలో కవి అతిశయోక్తి ఉంటుంది. రెండవదాన్ని అప్పటి ఊరివాళ్లు, గుడి పూజారులు రోజూ చూసుకునేవారు కాబట్టి అందులో అబద్ధం చెప్పడం కష్టం. ఒక శాసనాన్ని మరొక శాసనంతో సరిచూడడమే ఈ శాస్త్రానికి ప్రాణం. కాకతీయుల వంశక్రమం తెలియడానికి గణపతిదేవుని సోదరి మైలమ వేయించిన బయ్యారం చెరువు శాసనం ముఖ్యమైన ఆధారం. ఆమె తాను తవ్వించిన చెరువు గురించి చెబుతూ పుట్టింటి వంశాన్ని మొదటి నుంచి వరుసగా చెప్పింది. ఆ పేర్లను, 956 నాటి మాంగల్లు తామ్రశాసనంలో కనిపించే కాకర్త్య గుండ్యనతో పోల్చి చూసిన తరువాతే కాకతీయుల తొలి తరాల చరిత్ర ఒక రూపానికి వచ్చింది.

నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఇంతకంటే గొప్ప ఉదాహరణ. రుద్రమదేవి 1295 వరకు పాలించిందని చరిత్రకారులు చాలాకాలం అనుకున్నారు. చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరుకున్నారని, వారికి పుణ్యంగా పువ్వుల ముమ్మడి అనే సేవకుడు సోమనాథ దేవునికి భూమి ఇచ్చాడని చెబుతుంది. రాజు వేయించిన శాసనం కాదు, ఒక సామాన్యుడి దానం. అంతవరకు నిలిచిన తేదీని అది మార్చివేసింది. మీ ఊరి చెరువు కట్ట మీద పడివున్న రాయిలో ఏముందో చదివేవరకు ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మా చేను పక్కన పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) ఉంది. దున్నినప్పుడు ఎర్రటి, నల్లటి కుండపెంకులు, పూసలు, ఒకసారి రాగి నాణెం బయటపడ్డాయి. మా కళాశాల మిత్రులం నలుగురం కలిసి కొంత తవ్వి చూద్దామనుకుంటున్నాము. ఎలా తవ్వాలో చెప్పగలరా?
(ఒక డిగ్రీ విద్యార్థి, పెద్దపల్లి జిల్లా)

జవాబు: తవ్వకండి. మీ ఉత్సాహాన్ని తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు, ఆ గడ్డ మీద ఉన్న గౌరవంతో అంటున్నాను.

భూమిలో పొరలు ఉంటాయి. అడుగు పొర ముందటిది, పై పొర తరువాతది. ఒక నాణెం ఏ పొరలో, ఏ కుండ పక్కన, ఏ గోడకు లోపలో బయటో దొరికిందన్న సంగతే దానికి విలువ ఇస్తుంది. అదే పొరలో కొంచెం బొగ్గు దొరికితే దానిలోని కార్బన్ 14 పరిమాణాన్ని కొలిచి కాలం చెప్పవచ్చు. కార్బన్ 14లో సగం 5,730 ఏళ్లలో తరిగిపోతుంది, ఆ తరుగుదలే లెక్కకు ఆధారం. మీరు పారతో ఆ నాణేన్ని బయటికి తీసిన క్షణాన నాణెం మిగులుతుంది, కాలం పోతుంది. ఆ పొరను మళ్లీ ఎవరూ తవ్వలేరు. అందుకే శాస్త్రీయ తవ్వకంలో నేలను చదరాలుగా కొలిచి, చదరానికి చదరానికి మధ్య గట్టు వదిలి, పొరపొరగా దిగుతూ, ప్రతిదానికీ లోతు, చోటు రాస్తారు. 1944 నుంచి 1948 వరకు పురావస్తు సర్వేక్షణ సంస్థకు అధిపతిగా ఉన్న మార్టిమర్ వీలర్ ఈ పద్ధతిలో మన దేశంలో ఒక తరానికి శిక్షణ ఇచ్చారు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. అనుమతి లేకుండా పురావస్తు తవ్వకం చేయడానికి వీల్లేదు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. పాత నాణేల, విగ్రహాల అమ్మకాలను 1972 నాటి పురావస్తువుల చట్టం నియంత్రిస్తుంది.

మీరు చేయగలిగిన పని చాలా ఉంది, దానికి పార అవసరం లేదు. దున్నినప్పుడు పైకి వచ్చిన పెంకులను ఎక్కడివక్కడే ఉంచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఫోనులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయండి. లోపల, అంచు దగ్గర నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు ఉన్నాయా, ఎంత మేర పరచుకుని ఉన్నాయి, గడ్డ ఎత్తు ఎంత అని రాసుకోండి. ఊరి పెద్దలను ఆ గడ్డకు ఏ పేరుందో, ముందు ఎంత ఎత్తు ఉండేదో అడగండి. ఆ నివేదికను మీ చరిత్ర అధ్యాపకుని ద్వారా వారసత్వ తెలంగాణ శాఖకు పంపండి. మీ జిల్లాలోనే ధూళికట్ట స్తూపం, పెద్దబంకూరు ఉన్నాయి. పెద్దబంకూరులో ఇటుకలతో కట్టిన బావులు, వేల సంఖ్యలో శాతవాహన నాణేలు బయటపడ్డాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో స్థానికులు ఏరి దాచిన నాణేలు పండితుల కంటపడిన తరువాతే, శాతవాహన వంశ మూలపురుషుడు శ్రీముఖుని నాణేలు, అంతకుముందటి స్థానిక పాలకులైన గోభద్ర, సమగోపల నాణేలు లోకానికి తెలిశాయి. ఊరివాళ్ల కళ్లు తెరుచుకుని ఉండడం వల్ల మన చరిత్రకు ఎంత మేలు జరిగిందో ఇది చూపుతుంది.

పాటి మట్టిని ఎరువుగా బండ్లతో, ఇప్పుడు ట్రాక్టర్లతో చేలకు తోలుకోవడం మన దగ్గర పాత అలవాటు. మనుషులు వందల ఏళ్లు నివసించిన చోట బూడిద, పేడ, ఎముకలు చేరి మట్టి బలంగా ఉంటుంది కాబట్టి రైతును తప్పు పట్టలేము. కానీ తెలంగాణలో ఎన్నో పాత ఊళ్లు ఇలాగే చదునైపోయాయి. మీరు నలుగురు మిత్రులు కలిసి ఆ గడ్డ నుంచి మట్టి తీయకుండా ఊరివాళ్లను ఒప్పించగలిగితే, ఒక తవ్వకం చేసినదానికంటే పెద్ద పని చేసినవాళ్లవుతారు.

ప్రశ్న: మా అమ్మాయి పురావస్తు శాస్త్రం చదువుతానంటోంది. ఎండలో, అడవుల్లో తిరిగే పని ఆడపిల్లలకు కుదురుతుందా?
(ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: కుదురుతుందమ్మా. దేబల మిత్ర అనే పండితురాలు 1980ల మొదట్లోనే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. తవ్వకపు శిబిరాల్లో వసతి, మరుగుదొడ్డి, రాకపోకల ఏర్పాట్లు ఎలా ఉన్నాయని చేరే ముందు అడిగి తెలుసుకోండి. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. కుండపెంకుల వర్గీకరణ, ఎముకల విశ్లేషణ, శాసన పఠనం వంటి పనులు నెలల తరబడి ప్రయోగశాలలో, గ్రంథాలయంలోనే జరుగుతాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: నేను బీఎస్సీ బోటనీ, కెమిస్ట్రీ చదువుతున్నాను. ఈ రంగంలో నాకు చోటు ఉంటుందా?
(ఒక విద్యార్థి, హుస్నాబాద్)

జవాబు: ఉంది, పైగా మీలాంటివారి కొరత ఉంది. మాడిపోయిన గింజలను బట్టి అప్పటివాళ్లు ఏ పంట పండించారో చెప్పేది వృక్షశాస్త్రం తెలిసినవారే. పురాతన పుప్పొడిని సూక్ష్మదర్శినిలో చూసి అక్కడ అడవి ఉండేదా, పచ్చికబయలు ఉండేదా అని చెబుతారు. కుండ లోపలి గోడకు అంటుకున్న జిడ్డును పరీక్షించి అందులో నూనె ఉండేదో, మాంసం వండారో తేల్చేది రసాయన శాస్త్రం. ఇనుము కరిగించిన చిట్టెం మన ఉత్తర తెలంగాణ గుట్టల దగ్గర కుప్పలుగా పడి ఉంటుంది. దాన్ని విశ్లేషించేందుకు లోహశాస్త్రం తెలిసినవారు కావాలి.

ఇంజనీరింగ్ వారికి కూడా ఇక్కడ పని ఉంది. రామప్ప గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. కాకతీయుల గుళ్లకు పునాది గుంటను ఇసుకతో నింపి దాని మీద కట్టిన పద్ధతిని వరంగల్‌లోని ఇంజనీరింగ్ ఆచార్యులే శ్రద్ధగా పరిశీలించి వివరించారు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, రాయి రాయికీ గుర్తు పెట్టి, తిరిగి నిలబెట్టిన పని ఏళ్ల తరబడి సాగి 2024 మార్చిలో పూర్తయింది. అటువంటి పనికి చరిత్రకారుడు, శిల్పి, ఇంజనీరు ముగ్గురూ ఒకేచోట ఉండాలి.

ప్రశ్న: మా తాత తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్నాడు. ఆయన చెప్పిన సంగతులు ఏ పుస్తకంలోనూ లేవు. నేను ఎంఏ చరిత్రలో చేరాను. ఇటువంటి మౌఖిక కథనాలను విశ్వవిద్యాలయం పరిశోధనగా ఒప్పుకుంటుందా?
(ఒక పరిశోధనార్థి, జనగామ)

జవాబు: ఒప్పుకుంటుంది. మౌఖిక చరిత్ర ఇప్పుడు స్థిరపడిన పద్ధతి. మీ జిల్లాకు అది మరీ అవసరం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన ఘటన, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకున్న పోరాటం అందరికీ తెలుసు. కానీ ఆ రోజుల్లో ఊరిలో వెట్టి ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి ఎలా సాగేది, ఆడవాళ్లు దళాలకు అన్నం ఎలా చేరవేసేవారు, 1948 తరువాత ఆ కుటుంబాలు ఏమయ్యాయి అన్న విషయాలు చాలావరకు మాటలోనే మిగిలి ఉన్నాయి. ఆ మాట చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమంది.

అయితే మాటను కూడా శాసనాన్ని పరీక్షించినట్టే పరీక్షించాలి. డెబ్బై ఏళ్ల తరువాత చెప్పేవారి జ్ఞాపకంలో తాము చూసినది, ఇతరుల నుంచి విన్నది, తరువాత సభల్లో, పాటల్లో విన్నది కలిసిపోయి ఉంటాయి. అది వారి తప్పు కాదు. ఒకే ఘటనను ముగ్గురు నలుగురి దగ్గర విడివిడిగా వినండి. ఎదుటి పక్షంవారి కుటుంబాలు మాట్లాడడానికి ఒప్పుకుంటే వారినీ వినండి. తేదీలు, భూమి వివరాలు, కేసులు వచ్చిన చోట ప్రభుత్వ దస్తావేజులతో సరిచూడండి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారంలో నిజాం పాలన నాటి కాగితాలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఉర్దూలో, అంతకుముందటివి ఫారసీలో ఉంటాయి. అందుకే ఆధునిక తెలంగాణ చరిత్ర చదివేవారు ఉర్దూ చదవడం, రాయడం నేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతుంటాను. మాట్లాడడం మనలో చాలామందికి ఎలాగూ వచ్చు, లిపి కొన్ని నెలల శ్రమతో పట్టుబడుతుంది. ఉర్దూ రాని పరిశోధకుడు, అప్పటి అధికారి తన పైవాడికి ఏం రాశాడో ఎవరో అనువదించి ఇచ్చినంత మేరకే తెలుసుకోగలడు.

రికార్డు చేసే ముందు తాతగారి అనుమతి అడిగి, ఆ అనుమతిని కూడా ఆయన గొంతుతోనే రికార్డు చేయండి. ఏ రోజు, ఏ ఊరిలో, ఎవరి సమక్షంలో మాట్లాడారో మొదట్లోనే చెప్పించండి. ఆయన మాటను ఆయన యాసలోనే రాసుకోండి, పుస్తక భాషలోకి మార్చవద్దు. కొన్ని పేర్లు బయటికి రావద్దని ఆయన అంటే ఆ మాట నిలబెట్టుకోండి. రికార్డుల నకలు ఒకటి మీ విభాగం గ్రంథాలయంలో, ఇంకొకటి మీ ఇంట్లో ఉంచండి. మీ సిద్ధాంత వ్యాసం ఏ రూపంలో ముగిసినా, ఆ సంభాషణలు పూర్తిగా తరువాతి పరిశోధకులకు అందాలి.